ముందు నమస్కారం, తర్వాతే దీపం

మొన్న దసరాకి మీరు, రిటైరై ఇన్నేళ్ళయినా నన్ను గుర్తుపెట్టుకుని మన లాబ్‌కి పిలిచారు. కుర్చీ వేశారు, శాలువా కప్పారు, ఆకులో పులిహోర పెట్టారు. పులిహోరలో ఇంగువ తగ్గింది గానీ మర్యాదకేం తగ్గలేదు. సంతోషం. నేను చేయి కడుక్కుంటుంటే మీలో ఒకమ్మాయి వచ్చి అడిగింది. "మేడం, లోపల అంత పెద్ద లాబ్ పెట్టుకుని మనం ఆయుధపూజ వరండాలో ఎందుకు చేస్తామండీ?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్న కుర్రాడు "వాస్తు" అనేశాడు. ఇంకొకాయన "లోపల ఏసీ కదండీ, పొగ పడదు" అన్నాడు. ఇద్దరూ ఎంత నమ్మకంగా చెప్పారంటే, ఒక్క క్షణం నేనే నిజమేనేమో అనుకున్నాను.

వాస్తూ కాదు, ఏసీ కాదు. అసలు సంగతి తెలిసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం. అందుకని రాస్తున్నాను. రాతలో ఒక సుఖం ఉంది, ఎదుటివాళ్ళు ఆవులిస్తే కనపడదు.

నేను చేరినప్పుడు లాబ్ ఇంత లేదు. బెజవాడ నుంచి కంకిపాడు పోయే దారిలో, చుట్టూ వరిచేలు, మధ్యలో పొడుగాటి పెంకుటిల్లు లాంటి కట్టడం. వర్షాకాలం గేటు దగ్గర చెప్పులు చేతబట్టుకుని బురదలో నడిచి వచ్చేవాళ్ళం. పంటలో, చేపలో పురుగుమందు ఎంత మిగిలిందో తేల్చడం మా పని. గింజని పిండి చేసి హెక్సేన్ అనే ద్రావకంలో నానబెడతాం. మందు అందులోకి దిగాక యంత్రానికి ఎక్కిస్తాం. హెక్సేన్ పెట్రోలుకి దగ్గర చుట్టం. చూడటానికి మంచినీళ్ళలా అమాయకంగా ఉంటుంది. ఇట్టే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, పొయ్యి పొగలాగా పైకి లేవదు, నేల పట్టుకుని పాకుతుంది. ఈ కథకి ఈ ఒక్క ముక్క చాలు, మిగతా సైన్సు మీకు నాకంటే బాగా తెలుసు.

లాబ్‌లో ఎవరినీ పేరుతో పిలిచేవాళ్ళు కాదు, ఊరుతో పిలిచేవాళ్ళు. నేను బందరు అమ్మాయిని. మాది చేపల వ్యాపారం చేసుకునే ఇల్లు. కరెంటు పనులూ, యంత్రాల మరమ్మతులూ చూసే ఆయన మైలవరం అన్నయ్య. ఊళ్ళో ఆయనకి మామిడితోట ఉండేది. వేసవి వస్తే చాలు, శాంపిళ్ళ కోసం కొన్న ఇంక్యుబేటర్‌లో రసాలు మాగబెట్టేవాడు. "సరిగ్గా ముప్పై డిగ్రీలమ్మా, గడ్డిలో ఇట్టా మాగవు" అని గొప్పగా చెప్పుకునేవాడు. పురుగుమందు లెక్కలు తేల్చే చోట మాగిన పండ్లు అందరం లొట్టలేసుకుంటూ తిన్నాం. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. నోరు కూడా ఊరుతుంది, ఏం చేయను.

అందరికీ పైన పెద్దసారు. రెండు గదులతో ఆ లాబ్ మొదలుపెట్టిన మనిషి. ఆయనకి ఊరు లేదు, లాబే ఊరు. లాబ్ అంటే గుడి అనేవారు, మాటవరసకి కాదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కుడికాలు పెట్టి లోపలికి వచ్చి, అద్దాల పెట్టెలో ఉన్న పాత ఇత్తడి తక్కెడని తాకి కళ్ళకద్దుకున్న తర్వాతే పని మొదలుపెట్టేవారు. ఆయన్ని చూసి మేమూ అంతే. యాసిడ్ సీసాల మధ్య అందరం ఒట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళం.

ఆయనే నన్ను హైదరాబాదులో సేఫ్టీ ట్రైనింగుకి పంపారు. అదే ఆయన చేసుకున్న పాపం. తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ నాకు కనపడ్డదల్లా తప్పే. కాళ్ళకి బూట్లు లేవు, కళ్ళకి అద్దాలు లేవు, కెమికల్స్ పెట్టే ఫ్రిజ్‌లో పెరుగన్నం ఉంది. అడుగడుగునా అడ్డం పడుతున్నానని నాకు "అడ్డుపుల్ల" అని పేరు పెట్టారు. నా వెనక అనేవాళ్ళు, ముందూ అనేవాళ్ళు.

చెప్పుల విషయంలో పెద్దసారుతో పెద్ద గొడవే అయింది. "గుడిలోకి చెప్పులేసుకుని పోతామా అమ్మా?" అన్నారు. "గుడిలో తీర్థం ఇస్తారు గానీ సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇవ్వరు కదండీ" అన్నాను. నాలిక కరుచుకున్నాను గానీ అప్పటికే అనేశాను. ఆయన పకపకా నవ్వి, మర్నాడు వన్‌టౌన్ వెళ్ళి అందరికీ లోపల మాత్రమే వేసుకునే బూట్లు కొనుక్కొచ్చారు. ఆయనలో ఉన్న విశేషం అదే. నా రూలు దేన్నీ ఆయన కొట్టిపారేయలేదు. తన భాషలోకి మార్చుకునేవారు. తెల్లకోటు వేసుకుని కాంటీన్‌కి పోవద్దని నేను నోరు నొప్పి పుట్టేలా చెప్పినా ఎవరూ వినలేదు. ఆయన ఒక్క మాట అన్నారు. "అది మడిబట్ట. బయటికి కట్టుకుపోతే మైల." అంతే, ఆ రోజు నుంచి కాంటీన్‌లో తెల్లకోటు కనపడితే ఒట్టు. మడి అన్న మాటకి మా చేపల ఇంట్లో చోటే లేదు. అయినా అంత బాగా పనిచేసిన సేఫ్టీ రూలు నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

కానీ దసరా రోజు మాత్రం నా మాట చెల్లేది కాదు. "ఈ ఒక్కరోజు అడ్డుపుల్లకి సెలవు" అనేవారు పెద్దసారు. ఆ రోజు బూట్లుండవు, కోట్లుండవు. ఆడవాళ్ళం పట్టుచీరలు, మగవాళ్ళు పంచెలు. ఇళ్ళల్లోంచి పిల్లాపాపా అందరూ వచ్చేవాళ్ళు. యంత్రాలన్నిటికీ పసుపు బొట్లు, కుంకుమ బొట్లు, బంతిపూల దండలు. నేను ప్రతి ఏడూ పోట్లాడి ఒక్కటి మాత్రం సాధించుకున్నాను. ముందురోజు సాయంత్రమే ద్రావకాల సీసాలన్నీ వెనక స్టోరులో పెట్టి తాళం వేయాలి. వాడేసిన హెక్సేన్ పోసే డబ్బా మాత్రం దాని చోటు వదలకూడదు. ఆవిరిని లాగేసే ఫ్యానున్న అద్దాల అరలో ఉండాలి, ఆ ఫ్యాను ఆగకూడదు.

ఇప్పుడు చెప్పబోయే ఏటి దసరా పెద్దసారుకి ఆఖరిది. సంక్రాంతి లోపే రిటైరవుతున్నారు. అందుకని ఎప్పుడూ లేని హడావిడి. ఫొటోలు తీసే మనిషిని పిలిపించారు. పెడన నుంచి అద్దకం గుడ్డ తెప్పించి, పూజ చేసే బల్లకి అంచు నుంచి నేల దాకా వేలాడదీశారు. పెద్దసారు భార్యని మేమందరం అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ మనవరాలిని తీసుకొచ్చింది. గంట వాయించే పని ఆ పిల్లది. లంగా జాకెట్టు వేసుకుని, గంట తన చేతిలోంచి ఎవరైనా లాక్కుంటారేమోనని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

పొద్దున్నుంచీ ముసురు. జల్లు కొడుతోందని కిటికీలు మూశారు. గాలికి దీపం నిలవడం లేదని మైలవరం అన్నయ్య ఫ్యాన్లన్నీ ఆపేశాడు, అద్దాల అరలోదీ కలిపి. అప్పుడు నేను బయట మామిడాకులు కడుతున్నాను. నాకు తెలియదు.

పూజ బాగా జరిగింది. సాంబ్రాణి ధూపం గదంతా తిప్పి వరండాలో పెట్టేశారు. అగరుబత్తులు కట్టలు కట్టలుగా వెలిగించారు. కొబ్బరికాయలు కొట్టారు. ఇక మిగిలింది దిష్టి తీయడం. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టి, వెలిగించి, మూడుసార్లు తిప్పి, బల్ల ముందు నేల మీద పెడతారు. కర్పూరం కాలిపోయాక గేటు దగ్గర పగలగొడతారు. దానికి ముందు అందరం సాష్టాంగపడి దణ్ణం పెట్టుకోవడం మా ఆనవాయితీ.

నేనూ మోకాళ్ళ మీద వంగి నుదురు నేలకి ఆనించాను. పెద్దసారు లేని లాబ్ ఎట్టా ఉంటుందా అని మనసులో ఏదో దిగులు. ఆయన్ని చల్లగా చూడమని దణ్ణం పెట్టుకుంటూ గాలి పీల్చాను. నిలబడ్డప్పుడు ఉన్న వాసన వేరు, నేల దగ్గర ఉన్న వాసన వేరు. పైన అగరుబత్తి, బంతిపూలు, కొబ్బరి. కింద పెట్రోలు బంకు.

మళ్ళీ పీల్చాను. చిన్నప్పుడు మా అమ్మ చేప మొప్పల దగ్గర నా ముక్కు పెట్టించి "అమ్మేవాడు అబద్ధమాడతాడే, వాసన ఆడదు" అనేది. తలెత్తాను. పెద్దసారు ఎడమచేత్తో గుమ్మడికాయ పొట్టకి ఆనించుకుని, కుడిచేతిలో అగ్గిపుల్ల పట్టుకుని, పెట్టె ఎక్కడ పెట్టానా అని చూసుకుంటున్నారు. ఆయన పక్కనే మనవరాలు.

"సార్, అగ్గిపుల్ల గీయకండి!"

గట్టిగానే అరిచాను. గంట ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

"నేల మీద హెక్సేన్ ఉందండీ. వాసన వస్తోంది."

"ఉండు, ఫ్యాన్లేస్తా" అంటూ మైలవరం అన్నయ్య గోడ వైపు నాలుగంగల్లో వెళ్ళాడు.

"అన్నయ్యా, స్విచ్ ముట్టుకోవద్దు! నీకు దణ్ణం పెడతా, ముట్టుకోవద్దు!"

స్విచ్చులో కంటికి కనపడని నిప్పురవ్వ పుడుతుంది, దానికి అది చాలు. మనిషి మంచివాడు, మరుక్షణం అర్థమైంది. వేలు అట్టాగే గాల్లో పెట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. తర్వాత తనే తెలివి తెచ్చుకుని, వెలుగుతున్న అగరుబత్తుల కట్టలన్నీ తీసి కలశంలో నీళ్ళలో ముంచేశాడు. అమ్మగారు "అయ్యో, కలశం!" అంది.

ఇంకా దీపం మిగిలింది. బల్ల మీద నిండు నూనెతో, ఐదు వత్తులతో ప్రశాంతంగా వెలుగుతోంది.

"సార్, దీపం కూడా కొండెక్కించాలండీ."

మన ఇళ్ళల్లో దీపం ఆర్పడం అన్న మాటే అనం. నడుస్తున్న పూజలో, అదీ ఆయన ఆఖరి దసరాకి, ఆ మాట నేను అనాల్సి వచ్చింది. వెనక ఎవరో "ఏం అపశకునపు మాటలివి" అన్నారు. "శుభమా అని పూజ చేసుకుంటుంటే ఏంటమ్మా ఇది, ఒక్క నిమిషం ఆగితే అయిపోతుంది గదా" అంది అమ్మగారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. పెద్దసారు మాత్రం నన్నే చూస్తున్నారు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న మనిషి, నా పెళ్ళికి అక్షింతలు వేసిన మనిషి.

"ఖాయమేనా అమ్మా?"

"ఖాయమని ఎట్టా చెప్పనండీ, నా ముక్కు చెబుతోంది. నాది తప్పయితే మళ్ళీ వెలిగించుకుందాం. తప్పు కాకపోతే వెలిగించుకోవడానికి మనం ఉండం."

ఆయన గుమ్మడికాయ బల్ల మీద పెట్టారు. దండలోంచి ఒక బంతిపువ్వు తుంచి, ఒక్కొక్క వత్తినీ నూనెలోకి అదిమారు. అదిమిన ప్రతిసారీ ఆయన పెదవులు కదిలాయి. ఏం అనుకున్నారో నేను ఎప్పుడూ అడగలేదు.

"పిల్లలు ముందు. పరుగెత్తకండి. దేన్నీ ముట్టుకోకండి" అని చెబుతూ అందరినీ బయటికి పంపాను. పెద్దసారు ఆఖరున వచ్చారు. వరండాలోని ధూపాన్ని ఎవరో వానలోకి విసిరేశారు. మైలవరం అన్నయ్య వెనక గోడకి బయటవైపున్న మెయిన్ కట్టేసి, తడుస్తూ చుట్టూ తిరిగి కిటికీలన్నీ బయట నుంచే బార్లా తెరిచాడు. పట్టుచీరలతో, ఒట్టి కాళ్ళతో ఊరేగింపులో తప్పిపోయినవాళ్ళలా అందరం వరండాలో నిలబడ్డాం.

లోపల గాలి ఆడిందని నమ్మకం కుదిరేదాకా ఆగి, బూట్లు, మాస్కు తగిలించుకుని నేను వెళ్ళాను. అద్దాల అరలో డబ్బా లేదు. పూజ బల్లకి కట్టిన అద్దకం గుడ్డ ఎత్తి చూస్తే దాని వెనక ఉంది. బల్లకాలికి ఆనుకుని కొంచెం ఒరిగి ఉంది. మూత సరిగ్గా బిగియలేదు. కారి కారి బల్ల కింద చాప పరిచినంత మేర తడి. గుమ్మడికాయ పెట్టడానికి వేసిన ముగ్గు అక్కడికి జానెడు దూరంలో ఉంది.

బయటికి వచ్చేసరికి నాకు ఒళ్ళు తెలియని కోపం. "ఎవరండీ ఆ డబ్బా కదిలించింది? బుద్ధి ఉండక్కర్లేదా?" అన్నాను.

పెద్దసారు ముందుకొచ్చారు. "నేనేనమ్మా. ఫొటోల్లో అసహ్యంగా పడుతుందని గుడ్డ వెనక పెట్టాను."

"మూత చూశారా?"

"లేదు."

అన్న మాటలు వెనక్కి తీసుకోవాలో, ఇంకో నాలుగు అనాలో నాకు తెలియలేదు. ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు. మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. గంట ఇంకా రెండు చేతుల్లోనే ఉంది, నాలిక మోగకుండా వేలితో పట్టుకుంది. ఆయన ఆ వేలి వంక చాలాసేపు చూశారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపంతో వచ్చిందో, ప్రేమతో వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

"రేపటి నుంచి నన్ను కూడా నమ్మకమ్మా" అన్నారు ఆయన. "నేను చెప్పినా సరే, నువ్వు చూసిందాకా నమ్మకు."

అమ్మగారి బెంగ మాత్రం తీరలేదు. పూజ మధ్యలో ఆగిపోయింది, దిష్టి తీయలేదు, ఇట్టా వదిలేస్తే ఎట్టా అని. పెద్దసారు ఉన్నట్టుండి లేచారు. ముఖంలో మళ్ళీ వెలుగు వచ్చింది.

"మూలవిరాట్టు గర్భగుడి వదిలి వస్తాడా? రాడు. ఊరేగింపుకి ఉత్సవమూర్తి బయటికొస్తాడు. మనకీ అంతే. లోపలి యంత్రాలు లోపలే ఉంటాయి. తక్కెడ బయటికొస్తుంది." నా వైపు తిరిగారు. "నువ్వే పట్టుకురా. బూట్లు విప్పకు."

జీవితమంతా గుమ్మం బయట చెప్పులు విడిచిన మనిషి ఆ మాట అన్నారు. నేను బూట్లతోనే వెళ్ళి, ఆ ఇత్తడి తక్కెడని గుండెలకి హత్తుకుని తెచ్చాను. బూట్లతోనే ఆయన ముందు నిలబడ్డాను. ఆయన తక్కెడని తాకి కళ్ళకద్దుకున్నారు. వరండాలో కుర్చీ మీద కొత్త గుడ్డ పరిచి దాన్ని పెట్టాం. ఆయన అప్పుడూ దీపం వెలిగించలేదు. ఆ పట్టుపంచెతోనే లాబ్ గుమ్మం దగ్గర సాష్టాంగపడి, నేలకి ముఖం ఆనించి, గట్టిగా గాలి పీల్చారు. అప్పుడు లేచి అగ్గిపెట్టె అడిగారు. "ఇక ముందు నమస్కారం, తర్వాతే దీపం" అన్నారు.

అక్కడితో అందరూ నన్ను మెచ్చుకుని ఉంటారని మీరనుకుంటే మీకు ఆఫీసుల సంగతి తెలియదన్నమాట. తెల్లారేసరికి "ఏమీ కాలేదు కదా, ఊరికే కంగారుపెట్టింది" మొదలైంది. ఆ ఏడాది ఫ్రిజ్ పాడైతే నా వల్లే, ఒకాయనకి బదిలీ అయితే నా వల్లే. దీపం కొండెక్కించిన చేయి పెద్దసారుది, పాపం మాత్రం నాది. సేఫ్టీ పనిలో ఉన్న చిక్కే అది. నిప్పు ఆర్పినవాడికి దండ వేస్తారు. అంటుకోకుండా చూసినవాడి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. మైలవరం అన్నయ్య ఒక్కడే ఆ మర్నాడు ఇంక్యుబేటర్ తలుపుకి పెద్ద తాళం వేసి, తాళంచెవి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

రిటైరయ్యాక కూడా పెద్దసారు ప్రతి దసరాకీ వచ్చేవారు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు ఆయనే గుమ్మం దగ్గర వంగేవారు. తర్వాత నేను. వంగినవాళ్ళు లేచి, ఏ వాసన తగిలిందో అందరికీ వినపడేలా చెప్పాకే దీపం. ఆయన పోయారు. నా మోకాళ్ళూ పోయాయి.

మొన్న మీ పూజలో, మీరు తక్కెడ బయటికి తెచ్చేముందు ఒకమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది. నన్ను వరండా సంగతి అడిగిన అమ్మాయే. గాలిలో ఆవిరి చేరితే చెప్పే గ్యాస్ మీటరు గోడ మీద ఉంది, దాన్ని చూసింది. చాలు, అదే కావలసింది. ముక్కుతో వాసన చూడటం తప్పు, నేనే మీకంటే ముందువాళ్ళకి తరగతులు తీసుకుని మరీ చెప్పాను. వద్దని పిలవబోయాను, అడ్డుపుల్లని కదా. కానీ ఆ పిల్ల అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి నుదురు ఆనించింది. మిగతా మీరందరూ అది భక్తి అనుకున్నారు. ఆ అమ్మాయీ అదే అనుకుని ఉంటుంది.

నా చీర కొంగు పిడికిట్లో నలిగిపోయింది.

ఆ పిల్ల లేచి, బొట్టు సర్దుకుని, అలవాటు ప్రకారం గట్టిగా చెప్పింది. "ఏమీ లేదండీ. పసుపు వాసన, అంతే."

ఏమీ లేదు. ఆ మాట కోసమే నేను ఆ ఉద్యోగమంతా చేశాను.

"అయితే వెలిగించమ్మా" అన్నాను.